చరిత్రలో ఈ రోజు: డిసెంబరు 15, పాటల పద్దు



వార్షికోత్సవ సంచికకు ఏదైనా పాఠం లాంటి వ్యాసం రాసివ్వమని వార్డెన్ గారు అడిగినప్పుడు నాకు వరండాలోని నల్లబోర్డు గుర్తొచ్చింది. ఇప్పటి పిల్లలు ఆ బోర్డును చూసి ఉండరు. మెస్ తలుపు పక్కన గోడకే నల్లరంగు పూసి బోర్డు చేశారు. పొద్దున ప్రేయరుకు ముందు దాని మీద మూడు సంగతులు రాయాలి. ఆ రోజు హాజరు ఎంత, ఒక మంచి మాట, ఆఖర్న ‘చరిత్రలో ఈ రోజు’. రెండేళ్ళు ఆ డ్యూటీ నాది. హాస్టలుకు వచ్చే పేపర్లో చదువుల పేజీ చూసి, నాలుగు ముక్కలు ఎత్తి రాసేవాణ్ణి. సుద్దముక్క నా జేబులో ఉండేది కాబట్టి నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

ఒక డిసెంబరు 15న ఇలా రాశాను: ‘1950 – సర్దార్ వల్లభభాయ్ పటేల్ మరణం. 1952 – అమరజీవి పొట్టి శ్రీరాములు ఆత్మార్పణ.’ మాకు వండిపెట్టే అక్క అప్పుడప్పుడే రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుంటోంది. గరిటె చేత్తో పట్టుకునే వచ్చి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది. చదివి, “ఏం నాయినా, రోజూ సచ్చిపోయినోళ్ళనే రాస్తావే. పాట పాడినోళ్ళు, పదం కట్టినోళ్ళు ఈ రోజుకి ఎవురూ ల్యా?” అని అడిగింది. నేను నవ్వేసి ఊరుకున్నాను. నిజానికి నాకు తెలియదు. చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు, చట్టాలు అనుకునే వయసు.

అక్క అడిగిన ప్రశ్నకు జవాబు ఇన్నేళ్ళకు రాస్తున్నాను. ఉన్నారక్కా. ఒకరు కాదు, చాలామంది ఉన్నారు. ఆ రోజు నేను బోర్డు మీద రాసిన రెండో వాక్యం వెనక కూడా ఒక పాట ఉంది. నాకే తెలియలేదు.

ముందు ఆ రెండో వాక్యం

పొట్టి శ్రీరాములు గారిది మన జిల్లా. పుట్టింది మద్రాసులో, 1901 మార్చి 16న. పూర్వీకుల మూలం మాత్రం నెల్లూరు. 2008 నుంచి జిల్లా పేరులోనే ఆయన ఉన్నారు. ఆంధ్ర రాష్ట్రం కోసం ప్రాణం ఇచ్చినాయనగా అందరికీ తెలుసు. మన హాస్టల్లో చదివే పిల్లలకు తెలియాల్సింది ఇంకొకటి ఉంది. రాష్ట్రం కోసం ఉపవాసానికి ఆరేళ్ళ ముందు, 1946లో, నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనులను రానివ్వాలని ఆయన నిరాహారదీక్ష చేశారు. మన తాతలు ఆ గడప అవతల నిలబడి దణ్ణం పెట్టుకున్న రోజులవి. గుడి తలుపు తెరుచుకుంది. అంటరానితనం పోవాలని అట్టముక్కల మీద రాసి మెడలో తగిలించుకుని ఆయన నెల్లూరు వీధుల్లో తిరిగేవారు. చూసినవాళ్ళు పిచ్చాయన అనేవారట.

1952 అక్టోబరు 19న మద్రాసులో బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో దీక్ష మొదలైంది. 58వ రోజు, డిసెంబరు 15 రాత్రి, ప్రాణం పోయింది. 19వ తేదీన ప్రధాని నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ఏర్పాటు చేస్తామని ప్రకటించారు. 1953 అక్టోబరు 1న రాష్ట్రం ఏర్పడింది. (గ్రూప్స్ రాసే తమ్ముళ్ళు ఈ తేదీలు కలగాపులగం చేసుకోకండి. ప్రకటన వేరు, ఏర్పాటు వేరు.)

పాట ఎక్కడుందంటే, ఆ మర్నాడు ఉంది. 16 పొద్దున శవం దగ్గర పెద్దగా జనం లేరు. అక్కడికి వచ్చినవాళ్ళలో మోచర్ల రామకృష్ణయ్య గారు ఒకరు, ఘంటసాల వెంకటేశ్వరరావు గారు ఒకరు. ఆ బక్కచిక్కిన శరీరాన్ని చూసి మోచర్ల వారు అప్పటికప్పుడు పద్యాలు చెప్పారు. ఘంటసాల వాటిని గొంతెత్తి పాడారు. శవయాత్ర కదిలింది. పాట విని వీధుల్లోని వాళ్ళు, ఇళ్ళల్లోని వాళ్ళు వచ్చి కలిశారు. కొద్దిమందితో బయలుదేరిన ఊరేగింపు వేలమందయింది.

ఘంటసాల అప్పటికే సినిమాల్లో పెద్ద గాయకుడు. రికార్డింగులు, రాబడి, పేరు అన్నీ ఉన్నాయి. మద్రాసు నగరం ఎవరిదన్న తగువు మండిపోతున్న సమయంలో, అదే నగరంలో, నడివీధిలో నిలబడి పాడటం ఆయన వృత్తికి మంచిది కాదు. ఆ లెక్క ఆయన వేసుకోలేదు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకు పోయిన మనిషి. అంతకుముందు విజయనగరంలో సంగీతం నేర్చుకునే రోజుల్లో తిండికి లేక మధూకరం, అంటే జోలె పట్టి ఇంటింటా అన్నం అడుక్కుని, కడుపు నింపుకున్నారు. మనకు హాస్టల్ ప్లేటు ఉంది. ఆయనకు జోలె ఉండింది. ఈ సంగతి తెలిసిన తర్వాత సాంబారు నీళ్ళగా ఉందని అలిగే హక్కు నాకు పోయింది. మీకు ఉండొచ్చు, అడగండి, మెనూ ప్రకారం పెట్టాలి.

ఆయన ఆ వీధిలో పాడిన గొంతు ఏ రికార్డు మీదా మనకు మిగల్లేదు. ఆయన సినిమా పాటలు వందలకొద్దీ వినొచ్చు. అది మాత్రం విన్నవాళ్ళు చెప్పగా తెలుసుకోవడమే. ఈ తేడా మనసులో పెట్టుకోండి. ఈ వ్యాసం అంతా దాని గురించే.

అదే తేదీన సముద్రం అవతల

ఇదే తేదీన బయటి దేశాల్లో పాటలవాళ్ళకు ఏం జరిగిందా అని వెతికాను. అమెరికాలో మూడు జీవితాలు దొరికాయి. ముగ్గురూ శాస్త్రీయ సంగీతం వాళ్ళు కాదు. మన సినిమా పాటల్లాగా జనం రోడ్డు మీద కూనిరాగం తీసే పాటలవాళ్ళు.

మొదటివాడు ఫ్యాట్స్ వాలర్. నల్లజాతి పియానో విద్వాంసుడు, 1904లో న్యూయార్కులో పుట్టాడు. తండ్రి ప్రార్థనా మందిరంలో ప్రసంగాలు చేసేవాడు. అక్కడి ఆర్గన్ మీదే పిల్లవాడి చేతివేళ్ళు తిరిగాయి. నవ్విస్తూ పాడేవాడు, కనుబొమలు ఎగరేస్తూ వాయించేవాడు. పాటలు ధారగా వచ్చేవి. డబ్బు మాత్రం నిలిచేది కాదు. చేతిలో పైసా లేనప్పుడల్లా తను కట్టిన పాటల హక్కుల్ని కొద్ది సొమ్ముకు అమ్మేసుకునేవాడు. కొన్న కంపెనీలు ఆ పాటల మీద ఏళ్ళ తరబడి సంపాదించాయి. 1943లో సినిమాలో కనిపించాడు, పేరు ఇంకా పెరిగింది. ఆ ఏడాదే డిసెంబరు 15న, లాస్ ఏంజిలిస్ నుంచి ఇంటికి తిరిగి వస్తూ, కాన్సాస్ సిటీ దగ్గర రైల్లోనే నిమోనియాతో చనిపోయాడు. వయసు 39. మన దగ్గర కూడా వందరూపాయలకు పాట రాసిచ్చి పేరు వేయించుకోలేనివాళ్ళు, పండక్కి పదం కట్టి ఇంకొకడి పుస్తకంలో తన పదం చూసుకున్నవాళ్ళు లేకపోలేదు. వాలర్ కథ వాళ్ళకు కొత్తగా అనిపించదు.

సరిగ్గా ఏడాది తర్వాత, 1944 డిసెంబరు 15న, గ్లెన్ మిల్లర్. ఇతనూ 1904లోనే పుట్టాడు. పెద్ద బ్యాండుకు నాయకుడు. ఒక పాట పన్నెండు లక్షల రికార్డులు అమ్ముడైనందుకు 1942లో రికార్డు కంపెనీ అతనికి బంగారు పూత పూసిన రికార్డు బహూకరించింది. ‘గోల్డ్ డిస్క్’ అనే మర్యాద అక్కణ్ణించి మొదలైందని చెబుతారు. అంత రాబడిని వదిలేసి, ఆ ఏడాదే సైన్యంలో చేరాడు. సిపాయిల కోసం బ్యాండు కట్టాడు. పారిస్‌లో క్రిస్మస్ కచేరీ ఏర్పాట్లు చూడటానికి ఇంగ్లండులో చిన్న విమానం ఎక్కాడు. మంచు, మబ్బు. విమానం ఇంగ్లిష్ చానల్ దాటలేదు. శకలం కూడా దొరకలేదు. కబురు డిసెంబరు 24 దాకా లోకానికి చెప్పలేదు. బ్యాండు మాత్రం పారిస్ వెళ్ళి వాయించింది, నాయకుడు లేకుండానే. సముద్రానికి పోయి రాని మనిషి కోసం ఎదురుచూడటం ఏమిటో మన తీరం వాళ్ళకు నేను వివరించనక్కర్లేదు.

మూడోవాడు ఈ తేదీన పుట్టినవాడు. అలన్ ఫ్రీడ్, 1921. పాడలేదు, వాయించలేదు. రేడియోలో పాటలు వేసే అనౌన్సరు. 1951లో క్లీవ్‌లాండు నగరంలో రాత్రిపూట నల్లవాళ్ళ పాటల రికార్డులు వేయడం మొదలుపెట్టాడు. నల్లవాళ్ళ పాటను తెల్లవాళ్ళ చేత మళ్ళీ పాడించి అమ్మే రోజులవి. ఫ్రీడ్ అసలు పాడినవాళ్ళ రికార్డే వేసేవాడు. ఆ సంగీతానికి ‘రాక్ అండ్ రోల్’ అన్న మాటను ఇంటింటికీ చేర్చింది అతనే. 1952 మార్చి 21న అతను పెట్టిన కచేరీకి జనం హాలు పట్టనంత వచ్చి తలుపులు విరగ్గొడితే పోలీసులు మధ్యలోనే ఆపేయించారు. మొట్టమొదటి రాక్ కచేరీ అని దాన్నే అంటారు.

ఇంతవరకు మంచివాడు. రెండోవైపు కూడా చెప్పాలి. రికార్డు వేయడానికి కంపెనీల దగ్గర డబ్బు పుచ్చుకున్నాడు. చక్ బెర్రీ అనే నల్లజాతి గాయకుడి మొదటి పెద్ద పాట 1955లో వచ్చినప్పుడు, రాసినవాళ్ళ పేర్లలో ఫ్రీడ్ పేరు కూడా ఉంది. అతను రాసింది ఒక్క ముక్క లేదు. పాట రేడియోలో మోగినందుకు అది మామూలు. లంచం బయటపడి ఉద్యోగం పోయింది, 1965లో 43 ఏళ్ళకే పోయాడు. ఒకడి గొంతును లోకానికి వినిపించినవాడే, ఆ గొంతు సొమ్ములో చేయి పెట్టాడు. ఇతణ్ణి బోర్డు మీద ఎలా రాయాలో నాకు ఇప్పటికీ తేలలేదు. రెండూ రాయాలనుకుంటాను.

1966: మన కుర్రవాడు, ఒక టేపు

ఇప్పుడు అసలు సంగతి. పొట్టి శ్రీరాములు గారు పోయిన మద్రాసు నగరంలోనే, సరిగ్గా పద్నాలుగేళ్ళకు, 1966 డిసెంబరు 15న, ఇరవయ్యేళ్ళ కుర్రవాడు మొదటిసారి సినిమా పాట రికార్డింగుకు వెళ్ళాడు. అతనే ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం.

పుట్టింది 1946 జూన్ 4న, కోనేటమ్మపేటలో. తండ్రి సాంబమూర్తి గారు హరికథకులు. నెల్లూరు తిప్పరాజువారి వీధిలో వాళ్ళ ఇల్లు. హరికథ అంటే తెలుసుగా, కాళ్ళకు గజ్జె, చేతిలో చిడతలు, ఒక్కడే అన్ని వేషాలూ గొంతుతోనే కట్టాలి. బాలు గారు తర్వాత రోజుల్లో ఏ నటుడికి పాడితే ఆ నటుడి గొంతులా వినిపించేవారంటే, ఆ విద్య మొదట ఏ అరుగు మీద చూశారో ఊహించుకోవచ్చు. ఇది నా ఊహ మాత్రమే.

కొడుకు ఇంజనీరు కావాలని తండ్రి కోరిక. అనంతపురంలో ఇంజనీరింగులో చేరి, జబ్బుచేసి మానేశారు. తర్వాత మద్రాసులో ఏఎమ్ఐఈ చదువుతూ పాటల పోటీలకు వెళ్ళేవారు. గూడూరులో జరిగిన ఒక పోటీలో ఆయనకు రెండో బహుమతి వచ్చింది. ముఖ్య అతిథిగా వచ్చిన ఎస్. జానకి గారు మొదటి బహుమతి ఇతనికి రావలసిందని వేదిక మీదే అన్నారు. బాలు గారు ఈ మాట జీవితాంతం చెప్పుకున్నారు. మద్రాసులో జరిగిన మరో పోటీకి న్యాయనిర్ణేతల్లో ఘంటసాల ఒకరు. అక్కడికి వచ్చిన సంగీత దర్శకుడు ఎస్.పి. కోదండపాణి గారు ఆ గొంతు విని, నీకు సినిమాలో అవకాశం ఇస్తానన్నారు.

ఇచ్చారు, కాని వెంటనే కాదు. రెండు మూడేళ్ళు గడిచాయి. ఆఖరికి హాస్యనటుడు పద్మనాభం గారు నిర్మిస్తున్న ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’లో ఒక పాట. పక్కన పాడేవాళ్ళెవరు? పి. సుశీల, పి.బి. శ్రీనివాస్, ఈలపాట రఘురామయ్య. ముగ్గురూ హేమాహేమీలు. ఆ ముగ్గురి మధ్య ఒక విద్యార్థి.

ఆ రోజుల్లో రికార్డింగు ఎలా జరిగేదో తెలిస్తే కుర్రవాడి గుండె ఎంత కొట్టుకుని ఉంటుందో అర్థమవుతుంది. ఇప్పుడు ఎవరి ముక్క వాళ్ళు వేరువేరుగా పాడి వెళ్ళిపోతారు, తప్పుపోతే ఆ ముక్క ఒక్కటే దిద్దుతారు. అప్పుడు అట్లా కుదరదు. వయొలిన్లు, తబలా, ఫ్లూటు, గాయకులు అందరూ ఒకే సమయంలో వాయించి పాడాలి. మూడో నిమిషంలో ఒక్కడు తడబడ్డా అందరూ మొదటినుంచి ఎత్తుకోవాలి. అంతా ఒక అయస్కాంతపు టేపు మీదకు పోతుంది. ఆ టేపు ఖరీదైనది. పాట సినిమాకు, గ్రామఫోను కంపెనీకి చేరిపోయాక టేపును చెరిపేసి ఇంకో పాటకు వాడుకునేవారు. మనం పలక తుడుచుకున్నట్టే.

ఆ పాట విజయా గార్డెన్స్‌లో రికార్డయింది. ఇంజనీరు స్వామినాథన్ గారు. పాట బాగానే వచ్చింది. సినిమా ఎప్పుడు విడుదలవుతుందో, కొత్తవాడి గొంతు ఎవరు గుర్తుపెట్టుకుంటారో తెలియదు. అప్పుడు కోదండపాణి గారు ఒక పని చేశారు. ఆ టేపును ఏడాదిపాటు చెరపొద్దని స్వామినాథన్ గారిని అడిగారు. వేరే సంగీత దర్శకులు ఆ థియేటరుకు వచ్చినప్పుడు, ‘ఈ కుర్రవాణ్ణి ఒకసారి వినండి’ అని వినిపించడానికి. స్వామినాథన్ గారు ఒప్పుకున్నారు. టేపు నిలిచింది. విన్నవాళ్ళు పిలిచారు.

జానకి గారు వేదిక మీద అన్న మాట, ఘంటసాల కూర్చున్న పోటీ, పక్కన పాడిన ముగ్గురు, అన్నీ గొప్పవే. నాకు మాత్రం అన్నిటికన్నా ఆ చెరపని టేపే గొప్ప. గొంతు దేవుడిచ్చిందనుకోండి, సాధన తనది అనుకోండి. టేపు మాత్రం ఇంకొకరి చేతిలో ఉంది. కోదండపాణి గారికి దీనివల్ల పైసా రాదు. తన పాటకు తను పని చేయించుకున్నారు, అక్కడితో ఊరుకున్నా ఎవరూ తప్పుపట్టరు. ఫ్రీడ్ లాగా పేరులో వాటా కూడా అడగలేదు.

1969లో ఇంకో సంగతి జరిగింది. తమిళంలో ఎమ్.జి.ఆర్. సినిమాలో పాట ఇచ్చారు. ఆ సమయానికి బాలు గారికి జ్వరం పట్టి మంచం దిగలేదు. వేరేవాళ్ళతో పాడించేసి ఉంటారనే అనుకున్నారు. ఎమ్.జి.ఆర్. ఆ పాటను నెల పైన ఆపించారు. ‘ఎమ్.జి.ఆర్.కు పాడుతున్నానని ఈ అబ్బాయి స్నేహితులందరికీ చెప్పుకుని ఉంటాడు. తీసేస్తే బాగా పాడలేదని తీసేశారనుకుంటారు’ అన్న అర్థంలో ఆయన చెప్పిన కారణాన్ని బాలు గారు ఎన్నో సభల్లో చెప్పారు.

తర్వాత కథ మీకు తెలుసు. 1979 ‘శంకరాభరణం’తో మొదలై నాలుగు భాషల్లో ఆరు జాతీయ అవార్డులు. తెలుగులో మూడు, హిందీ, కన్నడ, తమిళాల్లో ఒక్కొక్కటి. పాటలు నలభై వేలంటారు, లెక్కపెట్టినవాళ్ళు ఎవరో. పద్మశ్రీ, పద్మభూషణ్, పోయాక 2021లో పద్మవిభూషణ్. 1974లో కోదండపాణి గారు చిన్న వయసులోనే పోయారు. బాలు గారు తను కట్టించుకున్న రికార్డింగు థియేటరుకు ఆయన పేరే పెట్టుకున్నారు. 1996లో ‘పాడుతా తీయగా’ మొదలుపెట్టి పల్లెటూరి పిల్లలను సైతం మైకు ముందు నిలబెట్టారు. మా హాస్టల్లో టీవీ ఉన్నది ఒక్కటే. క్రికెట్ ఉన్న రోజు కూడా ఆ గంట మాత్రం చానల్ మార్చడానికి వీల్లేదని పెద్దపిల్లల ఆర్డరు. 2020 సెప్టెంబరు 25న ఆయన పోయిన తర్వాత, నెల్లూరులోని ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాలకు ఆయన పేరు పెట్టారు. పాట మీద ఇష్టమున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఆ బడి ఎక్కడుందో కనుక్కోండి.

ఇంకొక్క పేరు

2024 డిసెంబరు 15న అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో తబలా విద్వాంసుడు ఉస్తాద్ జాకీర్ హుస్సేన్ పోయారు. 73 ఏళ్ళు. ఆయన శాస్త్రీయ సంగీతం మనిషే అయినా ఇంగ్లీషు పాటల లోకంలో కూడా వాయించారు. 1973లో బీటిల్స్ బృందం జార్జ్ హారిసన్ ఆల్బమ్‌లో ఆయన తబలా ఉంది. అదే కాలంలో మన ఘటం విద్వాంసుడు విక్కు వినాయకరామ్ వంటివాళ్ళతో కలిసి ‘శక్తి’ బృందంలో వాయించారు. 2024 ఫిబ్రవరిలో ఒకే రాత్రి మూడు గ్రామీలు వచ్చాయి. పుట్టగానే తండ్రి అల్లారఖా ఆయన చెవిలో ప్రార్థనకు బదులు తబలా బోల్స్ చెప్పారట. నల్లబోర్డు ఇప్పుడు ఉండి ఉంటే ఈ పేరు నేనే రాసేవాణ్ణి.

నేను చెరిపిన టేపు

ఇంతదాకా పుస్తకాల్లోది. ఇది నాది. నా బ్యాచి వాళ్ళకు తెలుసు, మిగతావాళ్ళకు చెబుతున్నాను.

మాతో ఒకడు చదివాడు. పేరు రాయను, వాడికి నచ్చదు. మన తీరంలోనే ఒక కుప్పం. వాళ్ళ నాన్న అలివి వల లాగేవాడు. వల లాగేటప్పుడు ఒకడు పాట ఎత్తుకుంటే ఇరవైమంది అందుకుంటారు, ఆ ఊపుకే తాడు కదులుతుంది. వాడు చిన్నప్పటినుంచి ఎత్తుకునేవాడు. స్టడీ అవరు అయ్యాక లైట్లు తీసేస్తే, చీకట్లో ట్రంకుపెట్టె మీద తాళం వేస్తూ బాలు పాటలు పాడేవాడు, అవి అయ్యాక వాళ్ళ నాన్న పాటలు. వాచ్‌మన్ తాత కసరడానికి వచ్చి గుమ్మంలో కూర్చుండిపోయేవాడు.

ఒక వార్షికోత్సవంలో వాడి చేత పాడించాం. హాస్టలు టేప్ రికార్డరులో ఖాళీ క్యాసెట్ వేసి ఒక వైపంతా ఎక్కించాం. వల పాటలు రెండు, సినిమా పాటలు మూడు, మధ్యలో చప్పట్లు. క్యాసెట్ నా దగ్గరే ఉంచారు, బోర్డు డ్యూటీతోపాటు టేప్ రికార్డరు డ్యూటీ కూడా నాదే. నెల తిరక్కుండా కొత్త సినిమా పాటలు రేడియోలో వస్తుంటే, చేతికందిన క్యాసెట్ పెట్టి ఎర్రమీట నొక్కాను. తర్వాత తిప్పి చూస్తే అదే. వాడి గొంతు ఆఖర్న అరనిమిషం మిగిలింది.

క్యాసెట్ పైఅంచున రెండు మూలలా చిన్న ప్లాస్టిక్ పలుకులు ఉంటాయి. వాటిని విరగ్గొడితే ఇక దాని మీద రికార్డు కాదు, ఎర్రమీట దిగదు. పైసా ఖర్చు లేని పని. నాకు తెలియదు. తెలిసినా చేసేవాణ్ణా అంటే, చెప్పలేను. వాడి పాట పోతుందని నాకు అప్పుడు అనిపించలేదు. రోజూ పక్క మంచం మీద పాడేవాడే కదా అనుకున్నాను. వాడు కూడా నవ్వి, ‘పోనీలేరా, మళ్ళా పాడతాలే’ అన్నాడు. పదో తరగతి అవగానే పడవెక్కాడు. మళ్ళీ పాడే రోజు రాలేదు.

కోదండపాణి గారి టేపు సంగతి ఎక్కడో చదివినప్పుడు పుస్తకం మూసి బయటకు వెళ్ళిపోయాను.

కిందటేడు వాడి కుప్పానికి వెళ్ళాను. నెరిసిన గడ్డం, భుజాన తాడు రాపిడి మచ్చ. ఫోన్ తీసి పాడరా అన్నాను. “గొంతు యాడుందిరా అబ్బయా, ఉప్పుగాలి తినేసింది” అన్నాడు. బతిమాలాను. పాడనన్నాడు. మర్నాడు తెల్లవారుజామున వల లాగుతుంటే అక్కడే నిలబడ్డాను. ఎవరో కుర్రవాడు పాట ఎత్తుకున్నాడు. శ్రుతి జారింది. రెండో విడతకు వీడు అందుకున్నాడు. ఫోన్ నా చేతిలోనే ఉంది. నాలుగు నిమిషాలు, సగం గాలి హోరు, మధ్యలో ఎవరో బీడీ అడుగుతున్న మాట, అయినా గొంతు తెలుస్తుంది.

అది డిసెంబరు 15 అయి ఉంటే ఈ వ్యాసానికి బాగుండేది. కాదు, ఫిబ్రవరిలో ఒక మంగళవారం. హాస్టలు ఆఫీసు కంప్యూటరులో ఒక కాపీ ఎక్కించాను, వార్డెన్ గారికి పెన్‌డ్రైవ్‌లో ఇంకొకటి ఇచ్చాను. ఫైలుకు పేరుగా ఆ తేదీ, కుప్పం పేరు, అలివి వల పాట అని పెట్టాను. పాడినవాడి పేరు కూడా పెట్టమన్నాడు వాడే, ఈసారి.